నవ్వుతూ చెప్పిన పేరు

చేవెళ్ల బజారులో ఉషశ్రీ ముఖం కంటే ఆమె గొంతు తెలిసినవాళ్లే ఎక్కువ. వినాయక చవితి రోజుల్లో ట్రాలీల మీద కట్టిన సౌండ్ బాక్సులు వీధి వీధినీ వణికిస్తూ పోతుంటాయి. తీన్మార్ దరువు ఎక్కి ఎక్కి, ఇక ఎక్కడానికి చోటు లేదన్న దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి, చెరుకురసంలో ఐసుముక్క పడ్డట్టు, ఒక ఆడగొంతు దిగుతుంది. “మిక్స్‌డ్ బై... డీజే మహేష్... ఫ్రమ్ సురంగల్!” అంతే, దరువు మళ్లీ విరుచుకుపడుతుంది, చేతులన్నీ గాలిలోకి లేస్తాయి.

పాట మధ్యలో డీజే పేరు చెప్పే ఆ ముక్కను వాయిస్ ట్యాగ్ అంటారు. ఇటు చేవెళ్ల నుంచి అటు మొయినాబాద్ దాకా, కంప్యూటర్ మీద దరువులు పేర్చే ప్రతి కుర్రాడి పేరూ ఉషశ్రీ నోటి మీదుగానే లోకంలోకి వచ్చింది.

వాళ్లది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, అస్తర్లు, ఫాల్స్, లంగాలు. భర్త రాఘవేందర్ సరుకు చూసుకుంటాడు, అత్త అరుణాదేవి గల్లా దగ్గర కూర్చుంటుంది. పరిగి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఉషశ్రీకి ఆ దుకాణంలో నచ్చింది ఒకటే: చీర పట్టుకొచ్చిన ఆడవాళ్లు ముక్కను గడప దాకా తీసుకెళ్లి పగటి వెలుగులో పట్టి చూడటం. ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించిన రెండు రంగులు ఎండలో విడిపోయేవి. ఆమె నిచ్చెన మీద నిలబడి మెంతి, వంగపండు, నెమలికంఠం, చిలకపచ్చ అంటూ పేర్లు కిందికి వదులుతుంటే కొనేవాళ్లు చేతిలో పని ఆపి తలెత్తేవాళ్లు. తల్లిని వెంటబెట్టుకొచ్చిన మహేష్ ఒకరోజు అట్లాగే తలెత్తాడు.

“అక్కా, నీ గొంతుల కరెంటున్నదే! నా పేరు ఒకపారి చెప్పరాదూ?”

“ఎందుకు తమ్మీ, నీ పేరు మీద ఏమన్న రంగున్నదా?”

గల్లా దగ్గర అరుణాదేవి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ మహేష్ వదల్లేదు. సురంగల్‌లో వాళ్లది తాతల నాటి వ్యవసాయం. తండ్రి అజీజ్‌నగర్ వైపు ఉన్న కొంత చేను ఫామ్‌హౌస్ వాళ్లకు అమ్మినప్పుడు, ఏడ్చి మొత్తుకుని తన వాటాకు సౌండ్ సెట్టు కొనిపించుకున్నాడు. దానికొక గొంతు కావాలి.

దుకాణం పైన సరుకు గది ఉంది. నేల నుంచి కప్పు దాకా గుడ్డ తాన్లు. మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లాక ఉషశ్రీ ఆ తాన్ల మధ్య కూర్చుని ఫోను పెదవుల దగ్గర పెట్టుకుంటుంది. ఆ గదిలో అన్న మాట గోడకు తగిలి తిరిగి రాదు. గుడ్డ దాన్ని మెత్తగా మింగేస్తుంది. మాట ఎటు పోయిందో, ఎవరి చెవిలో పడిందో ఆమెకు తెలిసేది కాదు. బయట వీధిలో ఏ ట్రాలీ మీదనుంచో విన్నప్పుడు, అది తనకంటే పొడవైన, ధైర్యమైన ఇంకెవరిదో అనిపించేది.

డీజేలకు ఒకరంటే ఒకరికి పడదు. అందరికీ కావలసింది ఆమె గొంతు కాబట్టి వాళ్లు పెట్టుకున్న ఫోను గ్రూపుకు ఆమెనే అడ్మిన్ చేశారు. పేరు ‘మిక్సింగ్ అడ్డా’. కొన్ని వేలమంది. ఆమె వచ్చిన వారంలోనే కట్టుబాట్లు రాసి పైన అతికించింది. కులం పేరెత్తొద్దు. పార్టీల మాట వద్దు. అమ్మను అక్కను తిట్టొద్దు. ఒకరి ట్యాగ్ కోసేసి పాట తనదని చెప్పుకోవద్దు. తప్పితే బయటికే. నోటికి హద్దులేని పిల్లలు కూడా “అక్క చూస్తది రా” అని సర్దుకునేవాళ్లు. రంగు గురించి ఆమె ఏమీ రాయలేదు. రాయాలని తోచలేదు.

ఎజ్రా గ్రూపులోకి వచ్చింది నిరుడు బోనాల తర్వాత. ఉగాండాలోని కంపాలా నుంచి వచ్చి మొయినాబాద్ దగ్గరి కాలేజీలో బీఫార్మసీ చదువుతున్నాడు. బోనాల ఊరేగింపులో తీన్మార్ బ్యాండును ఫోనులో పట్టి, దాని కింద వాళ్ల ఊరి డ్రమ్ములు పరిచి ఒక పాట చేసి పెట్టాడు. కింద భూమి దొర్లుతున్నట్టు, పైన మన దరువు చిందులేస్తున్నట్టు ఉంది. ఉషశ్రీ సరుకు గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నది, అయిపోగానే మళ్లీ పెట్టుకుంది. గ్రూపంతా ఊగిపోయింది. మహేష్ అతన్ని అడిగి మరీ ఆ పాటను తన సెట్టులో వేసుకున్నాడు. ఆ మెచ్చుకోళ్లలోనే ఎవరో ‘నల్ల ఎజ్రా’ అన్నారు. మర్నాటికి అదే అతని పేరు. ఎజ్రా కిమ్మనలేదు. ఒక పసుప్పచ్చ నవ్వుముఖం పెట్టాడు. దాన్ని అందరూ ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నారు.

ఈ ఏడు చవితికి ముందు మహేష్ నుంచి మెసేజ్ వచ్చింది. “అక్కా, ఎజ్రాకు సర్‌ప్రైజ్. పాపం అతనికి ట్యాగే లేదు. కింద రాసింది చదువు. లాస్ట్‌కు జర నవ్వు.”

కింద రాసింది ఇది: అడవి దాటొచ్చిండు, అడ్డానే ఊపిండు, నల్ల ఎజ్రా!

ఉషశ్రీ ‘అడవి’ దగ్గర ఆగింది. ఎజ్రా ఒకసారి గ్రూపులో వాళ్ల ఊరి ఫోటో పెట్టాడు. కొండల మీద ఎర్రపెంకుల ఇళ్లు, వాటి మధ్య మోటారు సైకిళ్లతో కిక్కిరిసిన రోడ్డు, దూరంగా ఎత్తైన అద్దాల మేడ. అది ఆమె కళ్ల ముందు ఒక్క క్షణం మెదిలింది. అంతలో కింద నుంచి అత్త కేక. “ఉషా! మెంతిరంగు అస్తర్ ఏడ పెట్టినవే?”

“వస్తున్న అత్తమ్మా!” అని అరిచి, ఫోను దగ్గరికి తీసుకుని, చదివేసింది. నవ్వింది.

మామూలుగా అడిగితే నవ్వు రాదు. ఆ మూసిన గదిలో తనొక్కతే నవ్వితే అది ఎండిన ఆకులా గలగలమంటుంది. ఎన్నోసార్లు తుడిచి మళ్లీ నవ్వాల్సి వచ్చేది. ఆ రోజు మొదటిసారికే వచ్చింది. గుండ్రంగా, తడిగా, ఎవరో చంకలో గిలిగింత పెట్టినట్టు.

పండగ మొదలైంది. ఏ మండపంలో చూసినా ఎజ్రా పాటే, మధ్యలో ఆమె చెప్పిన ట్యాగే. తన గొంతు తనకే ముద్దొచ్చింది. అట్లాంటి ఒక సాయంత్రం ఎజ్రా ఆమెకు విడిగా మెసేజ్ పెట్టాడు. “అక్కా, ఆ నవ్వు తీసేయగలరా?” ఆమెకు అర్థం కాలేదు. సౌండు ఏమైనా పగిలిందేమో అనుకుంది. “అదే హిట్ అయింది కదా బ్రో” అని రాసి చప్పట్ల బొమ్మ పెట్టింది.

మరునాడు గ్రూపులో అతను రాసింది అందరూ చూశారు. “అందరికీ నమస్తే. ఇక్కడ చాలా నేర్చుకున్నాను. నా పేరు ఎజ్రా. అడవి నేను మొదటిసారి చూసింది కాలేజీ వాళ్లు వికారాబాద్ తీసుకెళ్లినప్పుడు. చాలా బాగుంది. సెలవు.” ఆ వెంటనే అతను గ్రూపు విడిచిపోయినట్టు ఒక సన్నని బూడిదరంగు గీత. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. “లైట్ తీస్కో భయ్యా” అన్నాడొకడు. “ఫీలయిండు పాపం” అన్నాడింకొకడు.

ఉషశ్రీ ఆ గీతను చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత పాట పేరు కొట్టి వెతికింది. పాట కంటే ముందు వీడియోలు వచ్చాయి. మొయినాబాద్ రోడ్డు మీద ముగ్గురు ఆఫ్రికా అమ్మాయిలు, కూరగాయల సంచులు పట్టుకుని నడుస్తున్నారు. ఎవరో వెనకనుంచి, బండి మీద పోతూ తీసింది. దాని మీద ఆమె గొంతు. అడవి దాటొచ్చిండు. అమ్మాయిల్లో ఒకామె వెనక్కి తిరిగి, సంచి రెండో చేతికి మార్చుకుంది. సరిగ్గా అక్కడ నవ్వు. ఇంకో వీడియో బస్టాప్‌ది. ఇంకోటి జిరాక్స్ షాపు ముందు. అన్నిటి మీదా అదే నవ్వు, గుండ్రంగా, తడిగా. ఆ నవ్వు నవ్వింది తనే. పొడవైన ధైర్యమైన ఇంకెవరో నవ్వలేదు.

కింద చీర పట్టుకుని ఎవరో పిలుస్తున్నారు. ఆమె దిగలేదు. మహేష్‌కు ఫోన్ చేసింది.

“మహేష్, ఆ పాట తీసెయ్. ఇప్పుడే.”

“ఏందక్కా గట్లంటవ్? ఏమైందిప్పుడు?”

“రోడ్ల మీద ఆ పోరీలు పోతుంటే నా గొంతు ఏసి ఎక్కిరిస్తుండ్రు. నువ్వు చూడలేదా?”

“చూసిన. పోరగాళ్లు ఊకుంటరా అక్కా. నేను ప్రేమతోనే రాసిన ఆ పేరు. మా ఊళ్ల నల్ల నర్సింహులు లేడా? ఎర్ర నర్సింహులు లేడా? వాళ్లేమన్న ఫీలైతుండ్రా?”

“మీ ఊళ్ల ఇద్దరు నర్సింహులున్నరు కాబట్టి గుర్తుకు అట్ల పిలుస్తరు. ఇక్కడ ఇద్దరు ఎజ్రాలు ఏడున్నరు రా?”

అవతల ఎక్కడో జనరేటర్ కొట్టుకుంటోంది.

“అడవి అని ఎందుకు రాసినవ్?”

“అక్కా, ప్రాస కుదిరింది. అంతే.” మహేష్ గొంతు తగ్గింది. “మంచోడక్కా ఎజ్రా. నాకు బేస్ ఎట్ల కట్టాల్నో నేర్పిండు. నా చానెల్ల తీసేస్త. కానీ పాట నా చేతుల లేదిప్పుడు. అందరి ఫోన్లల్ల ఉన్నది. ఎవని కాళ్లు పట్టుకోవాలె చెప్పు?”

అతను తీసేశాడు. ఏమీ మారలేదు. తప్పితే బయటికే అని తను రాసిన కట్టుబాటు గ్రూపు నెత్తిన అట్లాగే ఉంది. దాని ప్రకారం మహేష్‌ను తీసేస్తే, నవ్వినందుకు తననూ తీసెయ్యాలి. ఉషశ్రీకి ఇప్పుడు కావలసింది ఒకటే, ఆ నవ్వును వీధుల్లోంచి వెనక్కి పిలుచుకోవడం. ఆమె దగ్గర ఉన్నది గొంతొక్కటే. దానితోనే పిలుద్దామనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం తాన్ల మధ్య కూర్చుని రికార్డు చేసింది. ఏ ఎత్తూ పల్లమూ లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టు. “నేను ఉషశ్రీని. ఎజ్రా మీద చెప్పిన ట్యాగ్ తప్పు. తప్పు నాది. ఆ నవ్వు కూడా నాదే. దయచేసి ఎవరూ దాన్ని వాడొద్దు. ఎజ్రా, నన్ను క్షమించు.” చివరి మాట దగ్గర గొంతు జీరపోయింది. తుడిచి మళ్లీ చెప్పలేదు. గ్రూపులో పెట్టేసింది.

ఆ మరుసటి సాయంత్రం దుకాణం ముందు నుంచి ఒక ట్రాలీ పోయింది. అరుణాదేవి గల్లా మీద చెయ్యి ఆపి చెవి ఒగ్గింది.

“ఉషా, ఆ పాటల నువ్వు ఏడుస్తున్నవా?”

త-త-తప్పు. తప్పు-తప్పు-తప్పు నాది. దరువు. క్షమించు, మించు, మించు, మించు. దరువు. జీరపోయిన ఆ ఒక్క మాటను ఎవరో కత్తిరించి, ముక్కలు చేసి, తీన్మార్ మీద తిరగలేశారు. ట్రాలీ వెనక కుర్రాళ్లు చెవులు పట్టుకుని గుంజీలు తీస్తూ ఎగురుతున్నారు. ఆ గుంజీలను ఎవరో వీడియో తీస్తున్నారు. రాఘవేందర్ సరుకు దించుతూ వచ్చి అన్నాడు, “మా మండపంల గూడ ఇదే ఏసిండ్రే. మొత్తానికి మస్తు ఫేమస్ అయినవ్.” భార్య ముఖం చూసి తర్వాతి మాట మింగేశాడు.

ఆ గ్రూపు పద్ధతే అంత. అక్కడ ఏ శబ్దమూ వృథా పోదు. మేక అరిచినా, లీడరు తడబడినా, పెళ్లిలో ప్లేట్లు పడినా కోసి దరువు మీద పెడతారు. ఇన్నేళ్లూ ఆమె కూడా విని నవ్వుకున్నదే. తన క్షమాపణ కూడా వాళ్లకు ఒక శబ్దమే అవుతుందని ఆమెకు తట్టలేదు. మైకు ఉన్నచోట ఏం చెప్పినా ఇక ఇంతేనని అర్థమై, మైకు లేని చోటికి పోదామనుకుంది.

మహేష్‌ను అడిగి ఎజ్రా ఉండే చోటు తెలుసుకుని మొయినాబాద్ బస్సెక్కింది. కిటికీలోంచి ఫామ్‌హౌసుల గోడలు, గోడల మీదుగా కాగితంపూల తీగలు, గేటు గేటుకూ కుర్చీ వేసుకున్న వాచ్‌మన్లు వెనక్కి జరిగిపోతున్నారు. ఈ రోడ్డు మీద ఎన్నోసార్లు తన గొంతు పోయి ఉంటుంది. తను ఇట్లా పనిగట్టుకుని ఒక మనిషి కోసం పోవడం ఇదే మొదలు. గ్రూపులో ఎవరి ఇంటి గడపా ఆమె తొక్కలేదు.

ఎజ్రా ఉండేది శంకరమ్మ అనే ఆమె ఇంట్లో, మేడ మీద గది కిరాయికి తీసుకుని. శంకరమ్మ వాకిట్లో కొత్తిమీర తుంచుతూ ఉషశ్రీని ఎగాదిగా చూసింది.

“ఎవరు కావాలె బిడ్డా?”

“ఎజ్రా ఉన్నడా అవ్వా?”

ముసలామె చెయ్యి ఆగింది. “ఆ పాటల పిల్లవి నువ్వేనా? గొంతు అట్లనే ఉన్నదే.” ఇంకేదో అనబోయి, మెట్ల వైపు తల ఊపింది. “పో. నా బిడ్డ లెక్క ఉన్నడు ఆ పిలగాడు. నా మందులకు దవాఖానకు అతనే పోతడు. ఇప్పుడు పగలు బయటికెళ్తలేడు.”

ఎజ్రా కాలేజీ తెల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాడు. పలచటి మనిషి, కళ్లద్దాలు. ఆమె పేరు చెప్పగానే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఉన్న ఒక్క కుర్చీ మీది బట్టలు తీసి, ఆమెకు చూపించాడు. తను నిలబడే ఉన్నాడు. ఆ మర్యాద ఆమెను కూర్చోనివ్వకుండా గుచ్చుకుంది.

“నీకు ఎదురుగ చెప్పాలె అనిపించింది. తప్పు చేసిన ఎజ్రా.”

“పాటల విన్న అక్కా.” అతని తెలుగు నెమ్మదిగా, ఒక్కో మాటా చూసుకుని అడుగేస్తున్నట్టు ఉంది. “మంచి రిథమ్.”

ఆమె తల దించుకుంది. అతను ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపి అన్నాడు. “అక్కా, మీరు గ్రూప్‌ల అందర్ని తమ్మీ అంటరు. నన్ను బ్రో అంటరు. ఫస్ట్ డే నుంచి. నేను అనుకున్న, తెలుగు సరిగ్గ రాదు కాబట్టి అట్ల పిలుస్తున్నరేమో అని. తెలుగు నేర్చుకున్న. ఐనా బ్రోనే.”

ఉషశ్రీకి అది తెలియదు. తను అట్లా పిలిచినట్టే తెలియదు. ఇప్పుడు తమ్మీ అందామని నోటిదాకా వచ్చింది. అంటే అది కూడా దొంగతనం లాగే ఉంటుందని ఆగిపోయింది.

“ఒక్క ప్రశ్న. మహేష్ రాసిండు, మీరు చదివిండ్రు. ఓకే. నవ్వు కూడా రాసిండా?”

“నవ్వమని రాసిండు.”

“అట్లైతే... కష్టంగ వచ్చిందా? ఈజీగ వచ్చిందా?”

కింద శంకరమ్మ ఇంట్లో కుక్కర్ కూసింది. అబద్ధం దగ్గరలోనే, చేతికందేటంత దూరంలో ఉంది. ఉషశ్రీ కిటికీ వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది.

“ఈజీగ వచ్చింది. ఒక్కసారికే వచ్చింది.”

ఎజ్రా రక్తపరీక్ష ఫలితం విన్న మనిషిలా తలాడించాడు. “అందరు జోక్ అంటరు. ఒక్కరన్న నిజం చెప్తే నొప్పి తగ్గుతదనుకున్న.” కోటు మడతమీద అరచేత్తో ఒకసారి రాశాడు. “తగ్గలే.”

ఇంకేం మిగల్లేదు. ఆమె గుమ్మం వైపు తిరిగింది. అతను చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చాడు. రావద్దన్నా వినలేదు. ఇంటికి వచ్చినవాళ్లను గేటు దాకా పంపాలన్నాడు.

సందు మలుపులో మండపం. టార్పాలిన్ కింద ఐదారుగురు యువకులు, రెండు బాక్సులు. ఎజ్రా కనపడగానే ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు గొంతు సన్నం చేసుకుని, “అడవి దాటొచ్చిండూ...” అని అందుకున్నాడు. చివర నవ్వు కూడా నవ్వాడు, అచ్చం ఆమె నవ్వినట్టే. ఎన్నిసార్లు సాధన చేశాడో.

“ఎవలు రా అట్ల అన్నది?” అన్నది ఉషశ్రీ.

వాళ్లు బిత్తరపోయారు. మరుక్షణం ఒకడి ముఖం విచ్చుకుంది. “అరేయ్! ట్యాగ్ అక్క రా! గొంతు చూడు!” చుట్టూ మూగారు. సినిమా మనిషిని చూసినట్టు చూస్తున్నారు. “అక్కా, ఒక్కపారి లైవ్‌ల చెప్పక్కా!” “సారీది చెప్పక్కా, సారీది!” “మా మండపం పేరు ఏసి చెప్పు!” ఫోన్లు లేచాయి.

ఆమె నోరు తెరిచింది. తిట్టబోయింది. తిట్టూ దరువు మీదికి పోతుంది. బతిమాలితే అదీ పోతుంది. అతని పేరు గౌరవంగా పలికితే దాన్నీ ముక్కలు చేసి తిప్పుతారు. ఎవరికీ పనికిరానిది ఆమె దగ్గర ఒకటే మిగిలింది. నోరు మూసుకుంది. ఎజ్రా పక్కకు నడిచి, అతని భుజానికి కాస్త ఎడంగా, వాళ్లకు ఎదురుగా నిలబడింది.

“ఏందక్కా, చెప్పవా?”

చెప్పలేదు. గాలికి టార్పాలిన్ లేచి పడింది. వాళ్లు ఎదురుచూస్తున్నారు, దరువు ఆగినప్పటి ఖాళీలో ఎదురుచూసినట్టే. ఆ ఖాళీ పొడుగవుతూ పోయింది. ఒకడు ఇబ్బందిగా నవ్వి మెడ గోక్కున్నాడు.

“అక్క ఇంక చెప్పదు,” అన్నాడు ఎజ్రా. “నేను ఎజ్రా. ఆ ఇంట్ల ఉంట.”

“అన్నా... నీకు తెలుగొస్తదా?”

“తిట్లన్ని వస్తయి. మంచి మాటలే ఇంక నేర్చుకోవాలె.”

ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఇందాక పాట అందుకున్నవాడు తన ఫోను జేబులో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక బాక్సు వైర్లు సర్దసాగాడు. మిగతా చేతులు కూడా ఒక్కొక్కటిగా దిగాయి. ఒక ఫోను మాత్రం దిగలేదు. వెనకనున్నవాడు, తల కాస్త పక్కకు వంచి, ఇద్దరూ సరిగ్గా పట్టేటట్టు దాన్ని అడ్డంగా తిప్పాడు. తెర మీద ఎర్రచుక్క వెలుగుతోంది. ఉషశ్రీ ఆ చుక్కనే చూస్తూ, పెదవులు బిగించి, బస్సు హారన్ వినపడినా కదలకుండా అట్లాగే నిలబడింది.